రాక్షసుడైతే చంపవచ్చునా?

మనిషిని చంపడం తప్పని ఒప్పుకొనేవాళ్లందరూ రాక్షసుణ్ణి చంపడం తప్పు కాదని కూడా ఒప్పుకొంటారు. ఈ రెండో మాట ఎంత సులభంగా వొప్పించవచ్చునో, దాని చాటున మొదటి మాట ఎంత పలచబడిపోతుందో ఆలోచించేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్నను పురాణాల ఆధారంగా చర్చించడం మనకు అలవాటే. నేనిక్కడ ఒక వీడియో ఆట ఆధారంగా చర్చించదలిచాను. తెలుగు సాహిత్యం బోధించేవాడికి వీడియో ఆటలతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. నా తరగతిలో కూర్చునేవాళ్లలో ఒక నవల పూర్తిగా చదివినవాళ్లకన్నా ఇటువంటి ఆట పూర్తిగా ఆడినవాళ్లు ఎక్కువ. నాకా కారణం చాలు.

ఆట పేరు "డ్రాగన్ స్పిరిట్". జపానులోని నామ్కో కంపెనీ 1987లో దీన్ని ఆర్కేడ్ల కోసం, అంటే నాణెం వేస్తే కాసేపు ఆడనిచ్చే యంత్రాలుండే హాళ్ల కోసం, తయారుచేసింది. 1988లో ఇళ్లలో ఆడుకొనే పీసీ ఇంజన్‌కు వచ్చింది. 1997లో ప్లేస్టేషన్‌కు వేసిన పాత ఆటల సంపుటాల్లో ఒకదానిలో చేరింది. నా విద్యార్థి ఒకడు లాప్‌టాప్ మీద చూపించగా చూశాను. తర్వాత పదిరోజులు నేనే ఆడాను. అడవి ప్రాంతం దాటడానికి నాకు ఎన్ని సాయంత్రాలు పట్టాయో ఇక్కడ అప్రస్తుతం.

కథ "పాతాళభైరవి" చూసినవాళ్లెవరికీ కొత్తది కాదు. అలీషియా అనే రాకుమారిని జావెల్ అనే దుష్టుడు ఎత్తుకుపోతాడు. అముల్ అనే వీరుడు కత్తి పైకెత్తి దేవుణ్ణి తలచుకొని నీలిరంగు డ్రాగన్‌గా మారిపోతాడు. ఇక చెప్పవలసిన కథేమీ లేదు. డ్రాగన్ ఎగురుతూవుంటుంది, కింద నేల వెనక్కు జరుగుతూవుంటుంది. గాలిలో వచ్చేవాటిమీద నోటితో నిప్పు కక్కాలి, నేలమీద వున్నవాటిమీద బాంబులు వెయ్యాలి. ఈ రెండాయుధాల పద్ధతి అదే కంపెనీ 1983లో తెచ్చిన "జీవియస్" అనే ఆటలో స్థిరపడింది. అక్కడ విమానం వంటిది వుండేది, ఇక్కడ డ్రాగన్ వుంది.

ఇది మంచి ఆట. ఈ మాట స్పష్టంగా చెప్పకుండా ముందుకు వెళితే అన్యాయమౌతుంది. అగ్నిపర్వతం, అడవి, మంచు, సముద్రగర్భం ఒకదాని తర్వాత ఒకటి వస్తూవుంటే చిత్రకారుడి చేతిలో శ్రద్ధ కనిపిస్తుంది. షింజి హోసొయె కూర్చిన సంగీతం ఆట కట్టేసిన తర్వాత కూడా చెవిలో వుండిపోతుంది. ఒక్క దెబ్బకే ప్రాణం పోయే ఆటల మధ్య, దెబ్బ తిని నిలదొక్కుకొనే వీలు ఇచ్చిన ఆట ఇది. శిల్పంలో ఇంత నేర్పు వున్నది గనుకనే దాని తాత్పర్యాన్ని గట్టిగా ప్రశ్నించవలసి వుంది. నాసిరకం వస్తువు ఎవరి మనసునూ మార్చలేదు.

మొదట ఆ చూపు సంగతి. ఈ రకం ఆటల్లో ఆడేవాడి కన్ను ఎప్పుడూ ఆకాశంలో వుంటుంది. నేల ఒక పటంలాగా పరుచుకొనివుంటుంది. నేలమీద వున్నదానికి ముఖం వుండదు, పైభాగం మాత్రమే వుంటుంది. పైగా తెర తనంతట తానే జరిగిపోతుంది. ఆగి చూడటానికి వీల్లేదు, వెనక్కు తిరగటానికి వీల్లేదు. చంపినదాన్ని మరొకసారి చూసే అవకాశాన్ని యంత్రమే తీసేసింది. 2007లో బాగ్దాద్ వీధిలో మనుషులను కాల్చిన అమెరికన్ హెలికాప్టర్ తీసిన దృశ్యాలను 2010లో వికీలీక్స్ బయటపెట్టినప్పుడు చాలామంది "వీడియో ఆటలాగా వుంది" అన్నారు. వాళ్లకు తట్టిన పోలిక రక్తానికి సంబంధించింది కాదు, చూపుకు సంబంధించింది.

ఇక రాక్షసుడి సంగతి. అమెరికాలో 1976లో ఎగ్జిడీ అనే కంపెనీ "డెత్ రేస్" అనే యంత్రం తెచ్చింది. తెరమీద పరుగెత్తే చిన్న చిన్న ఆకారాలను కారుతో తొక్కించాలి. తొక్కినచోట సమాధి శిలువ లేస్తుంది. విమర్శ చెలరేగింది. అవి మనుషులు కావు, గ్రెమ్లిన్లు అని కంపెనీ జవాబు చెప్పింది. గ్రెమ్లిన్ అంటే కొంటెదయ్యం. రెండేళ్ల తర్వాత, 1978లో, జపానులో టొమొహిరో నిషికాడో "స్పేస్ ఇన్వేడర్స్" తయారుచేశాడు. శత్రువులుగా ట్యాంకులనూ విమానాలనూ ప్రయత్నించాడు. కదిలించడానికి సైనికుల బొమ్మలు అనువుగానే వున్నా, మనుషులను కాల్చే ఆట సరికాదనుకొని, చివరికి పీతలూ ఆక్టోపస్‌లూ పోలిన గ్రహాంతర జీవులను పెట్టాడు. మొదటిది వ్యాపారి సాకు, రెండోది ఒక మనిషి నిజమైన సంకోచం. రెండింటినీ ఒకే గాటకట్టడం నాకిష్టం లేదు. కాని రెండుచోట్లా ఫలితం ఒకటే అయింది: చేసే పని మారలేదు, చచ్చేవాడి పేరు మారింది.

పేరు మారితే నష్టమేమిటి? తెరమీది పీతకు నొప్పి లేదు గదా? ఈ వాదం తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. ఆట ఆడే కుర్రవాళ్లు హంతకులౌతారని గగ్గోలుపెట్టేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. ఒకప్పుడు నవలలు చదివే ఆడపిల్లల గురించి కూడా ఇటువంటివాళ్లే ఇటువంటి మాటలే చెప్పారు. నా ఆక్షేపణ వేరు. శత్రువుకు ముందు ఒక పేరు పెట్టి, ఆ పేరుతో మనుషుల జాబితాలోనుంచి కొట్టివేసి, తర్వాత చంపటమనేది ఆటలు కనిపెట్టిన పద్ధతి కాదు. అది చరిత్రలో రాజ్యాలు వాడిన పద్ధతి. ఆట దాన్ని వినోదంగా అలవాటు చేస్తుంది.

దీనికి ఉదాహరణ జపాను చరిత్రలోనే వుంది. మొమొతారో అక్కడి పిల్లలందరికీ తెలిసిన కథ. పీచుపండులోనుంచి పుట్టిన పిల్లవాడు కుక్కనూ కోతినీ నెమలిజాతి పక్షినీ వెంటబెట్టుకొని రాక్షసుల ద్వీపం మీదికి వెళ్లి, వాళ్లను జయించి, సంపద తెస్తాడు. 1943లో నౌకాదళం అండతో మిత్సుయో సెయో తీసిన "మొమొతారో సముద్రపు డేగలు" అనే కార్టూన్ చిత్రంలో ఆ పిల్లవాడు విమానదళానికి నాయకుడయ్యాడు, రాక్షసుల ద్వీపం పెర్ల్ హార్బర్ అయింది. ఆ రోజుల్లో అమెరికన్లనూ ఇంగ్లీషువాళ్లనూ "రాక్షస పశువులు" అని పిలవడం జపాను ప్రభుత్వ ప్రచారానికి మామూలు మాట. అమెరికన్ల పోస్టర్లలో జపాను మనిషి కోతిగానో పురుగుగానో వుండేవాడు. 1945 మార్చి 9 రాత్రి తెల్లవారేలోగా అమెరికన్ బి-29 విమానాలు టోక్యో మీద నిప్పు కురిపించాయి. దాదాపు లక్షమంది చచ్చిపోయారు. రాక్షసులని పేరుపెట్టినవాళ్లే మరొకరి ఆకాశంలోనుంచి పురుగులుగా కనిపించారు. నామ్కోలో పనిచేసిన యువకులు ఇదంతా మనసులో పెట్టుకొని డ్రాగన్‌ను ఎగరేశారని నేననడం లేదు. ఆలోచించకుండానే చేతికి దొరికే వస్తువులేవో, అవి ఎక్కడినుంచి వచ్చాయో చూడమంటున్నాను.

"కథ అనేది వుట్టి నెపం, అసలు విషయం వేళ్ల చురుకు" అని నా విద్యార్థి వాదించాడు. నెపమని ఒప్పుకొంటాను. అయితే ఆ నెపం లేకుండా ఆట ఎందుకు అమ్మలేకపోయారు? తెల్ల చుక్కలు నల్ల చుక్కలను కాల్చినా వేళ్ల చురుకుకు లోటు లేదు. రాకుమారి కావలసివచ్చింది, దుష్టుడు కావలసివచ్చాడు. చేసేపనికి న్యాయం కావాలని ఆడేవాడికి అనిపిస్తుంది గనుక. ఆ కోరిక మంచిదే. దాన్ని ఇంత చవగ్గా తీర్చడమే అభ్యంతరకరం.

సాహిత్యం ఈ పని ఇంత చవగ్గా చెయ్యలేదు. మన పురాణాలు ఎంత పక్షపాతంతో రాసినా అసురుడికి నోరు వుంచాయి. భాగవతంలో బలి మాట్లాడతాడు, అతని మాటకు గౌరవం కూడా వుంది. ప్రహ్లాదుడు పుట్టింది రాక్షసుడి ఇంట్లోనే. త్రిపురనేని రామస్వామి చౌదరి "శంబుకవధ"లో కథను చచ్చినవాడి వైపునుంచి తిప్పి చూపాడు. జపానులో అకుతగావా 1924లో మొమొతారో కథనే తిరిగి రాసి, రాక్షసులను శాంతంగా బతికే ద్వీపవాసులుగానూ, మొమొతారోను దండెత్తి వచ్చినవాడుగానూ చిత్రించాడు. మేము చేసిన తప్పేమిటని రాక్షసుల నాయకుడు అతన్ని అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగే వ్యవధి జావెల్‌కు ఆటలో ఎక్కడా లేదు. అతను చివర్లో కనిపించేది మాట్లాడటానికి కాదు, ఎక్కువ దెబ్బలు తినడానికి.

అయినా ఈ ఆటలో, కథలో కాకుండా దాని నిర్మాణంలో, ఒక నిజం దాగివుంది. ఒక వస్తువు దొరికితే డ్రాగన్‌కు మరొక తల మొలుస్తుంది. అట్లా మూడు తలలదాకా పెరగవచ్చు. మూడు నోళ్లతో నిప్పు కక్కుతుంటే ఆడేవాడికి ఎదురు లేదనిపిస్తుంది. కాని తలలు పెరిగినకొద్దీ శరీరం వెడల్పౌతుంది, శత్రువు తూటాలకు అంత పెద్ద గురి అవుతుంది. డ్రాగన్‌ను చిన్నదిగా చేసే వస్తువు కూడా వుంది. చేయి తిరిగిన ఆటగాడు దానికోసం చూస్తాడు. బలం సంపాదించిన ప్రతిసారీ తప్పించుకొనే చోటు తగ్గిపోవడమనే ఈ సంగతిని ఆట ఒక్క మాటతోనైనా చెప్పదు, వేళ్లకు నేర్పుతుంది. మృగాలను చంపడానికి మనిషి మృగం కావలసివచ్చిందనీ, పైనుంచి చూస్తే అతనూ వాటికి భిన్నంగా లేడనీ మూడు తలల అముల్‌ను చూసినప్పుడు నాకు తోచింది. కథను మాత్రమే విమర్శించి నిర్మాణాన్ని వదిలేసే మన విమర్శకులు ఈ భాగం గమనించవలసి వుంది.

ఇక రాక్షసులు ఇంతమంది ఎందుకు వస్తారనేదానికి జావెల్ దుష్టత్వం కారణం కాదు. నూరు యెన్ల నాణెం కారణం. ఆటగాడు బాగా తొందరగా చస్తే విసుగెత్తి వెళ్లిపోతాడు; చావకుండా ఆడితే వెనక నిలబడ్డవాడి నాణెం పెట్టెలో పడదు. శత్రువుల సంఖ్యా వేగమూ ఈ లెక్కలో తేలాయి. జావెల్ చచ్చిపోయినా వ్యాపారం చావకూడదు గనుక 1989లో ఇంటియంత్రానికి వచ్చిన రెండో కథలో దుష్టుడు మళ్లీ కావలసివచ్చాడు. ఈసారి అముల్ కూతురు ఐరిస్ చిక్కుకుంటుంది, కొడుకు లేస్ డ్రాగన్ అవుతాడు. 1990లో "డ్రాగన్ సేబర్" వచ్చింది. యుద్ధసామగ్రి అమ్మేవాళ్లకు శాంతి ఎట్లా కిట్టదో చెప్పడానికి మన అధ్యాపకులు వేరే ఉదాహరణ వెతుక్కోనవసరం లేదు.

తరగతిలో నేనొక పని ఇచ్చాను: జావెల్‌కు ఒక పేజీ సంభాషణ రాయమని. చాలామంది అతనికి అముల్ తాతలు చేసిన అన్యాయం ఒకటి కల్పించి ఇచ్చారు. ఒకతను, జావెల్ మాట్లాడితే చివరి ప్రాంతం మొదలుకాదు గనుక అతని పని మౌనమే అని ఒకే వాక్యం రాసి ఇచ్చాడు. దానికి నేను మంచి మార్కులే వేశాను. ఒక అమ్మాయి ఏమీ రాయలేదు. ఆటలో తలలు మొలిపించే వస్తువులు నేలమీది గుడ్లలో వుంటాయి, బాంబు వేసి గుడ్డు పగలగొడితే బయటికి వస్తాయి. "ఎగిరేది డ్రాగనే గదా సార్, ఆ గుడ్లు ఎవరివి?" అని ఆమె అడిగింది. నాకు ఆట చూపించిన కుర్రవాడు, అది చివరిదాకా ఎన్నోసార్లు ఆడినవాడు, ఎప్పుడూ అటు చూడలేదన్నాడు. ఆ పూట మిగిలిన గంట ఆ గుడ్ల మీదనే గడిచింది.