‘మాలపల్లి’లో చౌదరయ్య: క్రోధం, కులం, నైతిక బాధ్యత

ఉన్నవ లక్ష్మీనారాయణ రచించిన ‘మాలపల్లి’ (1922)కి ‘సంగవిజయము’ అన్నది మరో పేరు. సంగదాసు మరణం ఆ నవలలో కీలకఘట్టం. భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు అతడు ప్రాణాలు కోల్పోతాడు. ఆ దెబ్బ వెనుక ఉన్న ప్రేరణ ఏమిటన్నది ఇక్కడ పరిశీలనాంశం.

క్షణికావేశమనుకుంటే చౌదరయ్య బాధ్యత పలచబడుతుంది. కూలి తగాదాలో పుట్టిన ఆర్థికస్వార్థమనుకుంటే కులప్రసక్తి మరుగున పడుతుంది. సహజంగా దుర్మార్గుడనుకుంటే దోషం ఒక్క వ్యక్తితో ముగిసి, ఊరు నిర్దోషిగా మిగులుతుంది. మూడు వివరణలూ పాక్షికాలే.

పాత్రల అమరికే సమాధానానికి దారి చూపుతుంది. చౌదరయ్య కుమారుడు రామానాయుడు సంగదాసుకు మిత్రుడు, అతని ఆశయాలను అభిమానించినవాడు. తండ్రికి గిట్టని మార్గం ఇద్దరిదీ. ప్రాణాంతకమైన దెబ్బ మాత్రం మాలపల్లి యువకుని మీదనే పడింది. కోపం చౌదరయ్య సొంతం. ఆ కోపాన్ని ఎవరిమీద ఎంతవరకు చూపవచ్చో అతనికి నేర్పింది కులవ్యవస్థ.

అట్లని వ్యవస్థ అతనికి సాకు కాజాలదు. అదే ఇంట పెరిగిన రామానాయుడు అస్పృశ్యతను కాదని స్నేహాన్ని ఎంచుకోగలిగాడు. మరో విధంగా ప్రవర్తించటం ఆ ఇంట అసాధ్యం కాదనటానికి అతడే నిదర్శనం. కనుక చౌదరయ్యది నేర్చుకున్న దురభిమానమే అయినా, దానిని విడువకపోవటం అతని నిర్ణయమే.

సంగదాసు తండ్రి రామదాసు వేదాంతంతో దుఃఖాన్ని ఓర్చుకుంటాడు. అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై తిరగబడతాడు. ఆ రెండు మార్గాలలో ఏది ఉచితమన్న చర్చకు ముందే తేలవలసింది దోషం ఎవరిదన్నది. కొట్టిన చేతిని మాత్రమే నిందించినా, ఆ చేతిని విడిచి వ్యవస్థను మాత్రమే నిందించినా సంగదాసుకు దక్కేది సగం న్యాయమే.