ఏం పనిమీద?

కడప ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర టికెట్టూ ఆధార్ కార్డూ చూసే కానిస్టేబుల్ నన్ను గుర్తుపట్టాడు. అందులో వింతేమీ లేదు. గంటన్నర కిందటే విజయవాడ ఫ్లైట్ దిగి ఆయన ముందు నుంచే బయటికి వెళ్ళాను. ఇప్పుడు హైదరాబాద్ ఫ్లైట్‌కి మళ్ళీ లోపలికి వస్తున్నాను.

"ఇప్పుడే గదా సార్ దిగింది? ఏం పనిమీద వచ్చినారు?"

"పనేం లేదండీ. ఈ విమానం ఎక్కడానికే వచ్చాను."

ఆయన కార్డునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "దేవుని కడపన్నా చూసి పోవాల్సింది" అని కార్డు తిరిగిచ్చాడు. కోపంగా కాదు. పెళ్ళికొచ్చి భోంచెయ్యకుండా వెళ్ళిపోయేవాణ్ణి చూసినట్టు చూశాడు, అంతే.

మనవాళ్ళకి ప్రయాణమంటే ఏదో ఒక పని ఉండాలి. పెళ్ళి, చావు, కోర్టు వాయిదా, ఆస్పత్రి, ఇంటర్వ్యూ, మొక్కు. ఈమధ్య టూరిజం కూడా పనుల జాబితాలో చేరింది, చూడాల్సినవన్నీ చూసి ఫొటోలు దిగి రావాలి కాబట్టి. "ఊరికే వచ్చాను" అని చుట్టాలింటికి వెళ్ళి చెప్పి చూడండి. కాఫీ కలిపేలోపు రెండుసార్లు అడుగుతారు, ఇంట్లో అంతా బాగానే ఉన్నారు కదా అని.

నాది ఊరికే కూడా కాదు. నెల ముందు నుంచి ఏ రూట్లో ఏ విమానం తిరుగుతోందో, ఏ వరసలో కూచుంటే ప్రొపెల్లర్ సరిగ్గా కనబడుతుందో చూసుకుని మరీ బయల్దేరతాను. నాలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఏవ్‌గీక్‌లమని మేమే పేరు పెట్టుకున్నాం.

దీనికి మూలం మా అమ్మమ్మగారిల్లు. రసూల్‌పురాలో ఉండేవాళ్ళు. బేగంపేటలో దిగే విమానాలు వాళ్ళ మేడ మీదుగా, అరిస్తే పైలట్‌కి వినబడుతుందేమో అన్నంత కిందుగా వెళ్ళేవి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలై బేగంపేటలో మామూలు ఫ్లైట్లు ఆగిపోయినప్పుడు అమ్మమ్మ చాలా సంతోషపడింది, ఇక నిద్ర పడుతుందని. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. పదమూడేళ్ళు నాకు. ఎవరో చచ్చిపోయినట్టే ఉందని అమ్మతో అన్నాను. చావంటే ఏమిటో తెలియని వయసులో అలాంటి పోలికలు సులువుగా వస్తాయి.

సరే, ఆ వారాంతం ప్లాన్ ఇది. శనివారం పొద్దున హైదరాబాద్ నుంచి రాజమండ్రి. అక్కణ్ణుంచి రైల్లో విజయవాడ, రాత్రికి స్టేషన్ దగ్గర లాడ్జి. ఆదివారం గన్నవరం నుంచి కడప, కడప నుంచి ఇంటికి. మూడు ఫ్లైట్లూ ఏటీఆర్ 72.

ఏటీఆర్ అంటే చాలామందికి చిన్నచూపు. ఫ్యాన్ల విమానం అంటారు, ఊగుతుందంటారు. నాకు మాత్రం దానంత నిజాయితీ గల బండి ఇంకోటి లేదు. రెక్క నెత్తిమీద ఉంటుంది కాబట్టి ఏ కిటికీలోంచి చూసినా కింద నేల కనబడుతుంది. సామాన్లు ముందు, మనుషులెక్కే తలుపు వెనక. జెట్ విమానాలకి నేలమీద ఆగినప్పుడు కరెంటు కోసం తోకలో ఒక చిన్న ఇంజిన్ ఉంటుంది. దీనికి అది లేదు. అందుకని కుడివైపు ఇంజిన్ నడుస్తుండగానే దాని ప్రొపెల్లర్‌ని బ్రేకు వేసి పట్టి ఉంచుతారు. హోటల్ మోడ్ అంటారు దీన్ని. ఆ బ్రేకు వదిలే క్షణం కోసం నేను మెడ తిప్పి కాచుకుని ఉంటాను. ఆరు బ్లేడులూ ముందు బద్ధకంగా కదిలి, తర్వాత ఒక్కొక్కటీ కనబడటం మానేసి, చివరికి గాల్లో ఒక బూడిదరంగు వలయం మిగులుతుంది. ఫోన్‌తో వీడియో తీస్తే అవే బ్లేడులు అరటికాయల్లా వంకరపోయి కనబడతాయి. కెమెరా బొమ్మని ఒక్క దెబ్బకి కాకుండా వరస వరసగా చదువుతుంది కాబట్టి అలా. ఇది తెలిసి కూడా ప్రతిసారీ తీస్తాను.

జెట్లు ముప్పై అయిదు వేల అడుగుల్లో పోతుంటే ఇది అందులో సగం ఎత్తులో, గంటకి అయిదొందల కిలోమీటర్ల వేగంతో పోతుంది. అందుకే శనివారం నాకు గోదావరి అంత దగ్గరగా దొరికింది. పాత హేవ్‌లాక్ వంతెన, రోడ్డు-రైలు వంతెన, విల్లు వంతెన, కింద ధవళేశ్వరం, అక్కణ్ణుంచి నది పాయలుగా చీలిపోవడం. దిగేటప్పుడు పొట్టలోంచి చక్రాలు బయటికొచ్చి, రన్‌వేని తాకగానే లేచిన చిన్న తెల్లటి పొగ. పక్కన ఎవరో పెద్దాయన "ఇంకెంతసేపు?" అని విసుక్కుంటున్నాడు. ఆయన మీద జాలేసింది నాకు. డబ్బులిచ్చి కొన్నది తినకుండా పారేస్తున్నాడనిపించింది.

ఈ సరదా గురించి చెప్తే ఒక ఫ్రెండ్ "నిష్కామ ప్రయాణం అన్నమాట" అని వెక్కిరించాడు. వాడు చెప్పింది తలకిందులుగా ఉంది. ఫలం లేని మాట నిజమే, కామం మాత్రం నిండుగా ఉంది. వాడే ఇంకో ప్రశ్న కూడా వేశాడు, అది అంత తేలిగ్గా పోలేదు. "మరి దీనికి కాలే నూనె ఎవరి లెక్కలో రాసుకుంటావ్?"

లెక్క వేశాను. ఏటీఆర్ గంటకి సుమారు 650 కిలోల ఇంధనం తాగుతుంది. కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. డెబ్భై మందికి పంచి, మూడు ఫ్లైట్లకీ కలిపితే నా వాటా 90 కిలోలకి దగ్గర. అంటే నాకన్నా బరువైనదాన్ని ఆకాశంలో వదిలి వచ్చాను, ఏ పనీ లేకుండా. స్వీడన్‌లో ఈ సిగ్గుకి ఫ్లిగ్‌స్కామ్ అని ఒక మాటే ఉంది. మనకింకా అవసరం పడలేదు, మనలో చాలామంది ఒక్కసారి కూడా ఎక్కలేదు కాబట్టి.

డబ్బు సంగతి ఇంకా చిక్కు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం సిమ్లాలో మొదలైనప్పుడు, అదే రోజు ప్రారంభించిన మిగతా రూట్లలో కడప-హైదరాబాద్ ఒకటి. అప్పుడు గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకి మించకుండా అమ్మాల్సి ఉండేది, వచ్చే నష్టాన్ని ప్రభుత్వాలు పూడ్చాలి. ఆ పూడ్చే డబ్బులో ఎక్కువ భాగం పెద్ద రూట్ల ఫ్లైట్ల మీద వేసే రుసుము నుంచి వస్తుంది, కొంత రాష్ట్రాలు ఇస్తాయి. అప్పట్లో కడప సర్వీసు నడిపిన సంస్థ ఇప్పుడు లేదు. 2022లో ఇంకో సంస్థ మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి రాష్ట్ర ప్రభుత్వం సాయంతో. నా టికెట్ ఏ ధరలో వచ్చినా, ఆ రూటు ఉండటం వెనక ఊరందరి డబ్బూ ఉంది. రాత్రంతా బస్సులో కూచునే కడపవాడి కోసం వేసిన దారి అది. నేను దాని మీద ఆడుకుంటున్నాను.

దీనికి నా దగ్గర జవాబు లేకపోలేదు. నేను ఎక్కకపోతే ఆ సీటు ఖాళీగా ఎగిరేది. అంతేకాదు, ఇలాంటి రూట్లలో సాయం ఆగాక జనం లేక మూతపడ్డవి ఎన్నో. పనిలేనివాడు కొన్న టికెట్టే పనున్నవాడికి విమానాన్ని నిలబెడుతుంది. నిజాయితీగా చెప్తున్నా, ఈ వాదన నాకు ఇప్పటికీ తప్పనిపించదు. కానీ నన్ను కుదిపేసింది ఈ లెక్కల్లో ఎక్కడా లేదు.

కడప నుంచి మధ్యాహ్నం ఫ్లైట్ నిండిపోయింది. నాకు కిటికీ దొరకలేదు. కిటికీ సీట్లో ముప్పై అయిదేళ్ళ మనిషి, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, ఇంకే సామాను లేదు. కూచోగానే మోచెయ్యి కిటికీకి ఆనించి దానిమీద నుదురు పెట్టుకున్నాడు. ప్రొపెల్లర్ మొత్తం ఆ మోచేతి వెనక ఉండిపోయింది. కాసేపు చూసి, "అన్నా, మీరు బయటికి చూడట్లేదు కదా, సీటు మార్చుకుందామా?" అని అడిగాను. ఏమీ అనకుండా లేచాడు. థాంక్స్ చెప్పాను. విన్నట్టు లేడు.

వేసవి ఆదివారం. శంషాబాద్ దగ్గరికొచ్చేసరికి పడమటివైపు మబ్బులు గుట్టలుగా పేరుకున్నాయి, దిగడానికి విమానాలు వరసలో ఉన్నాయి. మమ్మల్ని హోల్డింగ్‌లో పెట్టారు. ఒక చోట పరుగుపందెం ట్రాక్ ఆకారంలో తిరుగుతూ ఉండాలి. సెకనుకి మూడు డిగ్రీల చొప్పున మలుపు, ఒక నిమిషం తిన్నగా, మళ్ళీ మలుపు, మళ్ళీ ఒక నిమిషం. ఒక చుట్టుకి నాలుగు నిమిషాలు. నా ఆనందం చూడాలి మీరు. పైసా కట్టకుండా దొరికిన గాలి. మలుపు తిరిగినప్పుడల్లా కిటికీ కింద ఒకే చెరువు, గట్టు మీద ఒకే తాటిచెట్ల వరస. ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టాను. లోపల ఇదే అనుకుంటున్నాను: ఇంకో చుట్టు, ఇంకో చుట్టు.

రెండో చుట్టులో ఆయన మొదటిసారి నోరు విప్పాడు. ఎందుకు తిరుగుతోందని అడిగాడు. భయపడ్డాడనుకుని మొత్తం చెప్పాను. లైన్, మబ్బులు, ట్రాక్ ఆకారం. చేరాల్సిన ఊరికీ, అక్కడ కుదరకపోతే పక్క ఊరికీ సరిపడా నూనె కాక, ఇంకో అరగంటకి సరిపడా ఎప్పుడూ విడిగా ఉంచుతారని కూడా చెప్పాను. ఆయన తల ఊపి గడియారం చూసుకున్నాడు. మూడు చుట్లు తిరిగాం.

దిగి ఇంకా ట్యాక్సీవేలో ఉండగానే ఆయన ఫోన్ ఆన్ చేశాడు.

"బావా, దిగినా. ఎత్తినారా?"

అవతలి మాట నాకు వినబడలేదు.

"పెట్టండి బావా. అక్కను ఒక్కసారి చూడాల. అరగంట పెట్టండి, వచ్చేస్తాండా."

శంషాబాద్ నుంచి ఊళ్ళోకి ఆ వేళ అరగంటలో చేరడం కుదరదని నాకు తెలుసు. పొద్దుగూకేలోపు శ్మశానం పని ముగించాలనుకుంటారని తెలుసు. ఏటీఆర్‌లో తలుపు వెనక ఉంటుందనీ, ముందు వరసలవాళ్ళు అందరికన్నా చివర దిగుతారనీ ఆ విమానంలో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలిసుండదు. అయినా ఏమీ చెయ్యాలని తట్టలేదు. వెనక వరసలో ఒకామె, విమానం గురించి ఏమీ తెలియని మనిషే అనుకుంటా, లేచి నిలబడి "నాయనా, ఈ అబ్బాయిని ముందు పోనియ్యండి" అంది. దారి దానంతటదే తెరుచుకుంది. ఆయన కవరు పట్టుకుని పరుగెత్తాడు. అందుకున్నాడో లేదో నాకెప్పటికీ తెలియదు.

"నువ్వు చేసిందేముందిరా?" అన్నాడు ఫ్రెండ్. నిజమే. నేను కోరుకున్నందుకు విమానం తిరగలేదు. కంట్రోల్ టవర్‌కి నా కోరికతో పనిలేదు. కోరిక తప్పా అంటే, చట్టం దాని జోలికి రాదు. ఒక కథ ఉంది కదా, ఒక కూతుర్ని కాపుకీ ఇంకో కూతుర్ని కుమ్మరికీ ఇచ్చిన తండ్రిది. ఒకామె వాన పడాలంటుంది, ఇంకొకామె ఎండ కాయాలంటుంది. ఎవరి తప్పూ లేదు. ఈ కథతో నన్ను నేను ఓదార్చుకుందామని చూశాను, కుదరలేదు. వాళ్ళిద్దరికీ అవతలి అక్కాచెల్లెలు ఉందని తెలుసు. నాకు పక్క సీట్లో మనిషి ఉన్నాడని తెలియదు. మోచెయ్యి ఉందని మాత్రం తెలుసు, అది అడ్డంగా ఉంది కాబట్టి.

ఇది మొదటిసారి కూడా కాదేమో. 2009 సెప్టెంబర్‌లో రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కనబడకుండా పోయిన రోజు ఇంట్లో అందరూ టీవీ ముందు ఉన్నారు. మర్నాడు నల్లమలలో దొరికిందని తెలిసినప్పుడు అమ్మమ్మ ఏడ్చింది. నేను లోపలి గదిలో కూచుని బెల్ 430 గురించి దొరికినదల్లా చదువుతున్నాను. రెండు ఇంజిన్లు, నాలుగు బ్లేడుల రోటర్. అది బేగంపేట నుంచే లేచిందని తెలిసి, ఇంటి మీదుగా వెళ్ళిందేమో చూడలేకపోయానే అని బాధపడ్డాను. పద్నాలుగేళ్ళవాడు కదా అని సర్దుకోవచ్చు. ఇప్పుడు అలా సర్దుకోవడానికి వయసు సహకరించదు.

ఎగరడం మానేశానా అంటే లేదు. మానేస్తే ఆ అన్నకి గానీ, ఆకాశానికి గానీ ఎంత మేలో లెక్క వెయ్యగలను, కానీ నిజానికి మానలేదు కాబట్టి ఆ లెక్క అనవసరం. ఏడాదికి ఒక్క వారాంతం అని పెట్టుకున్నాను. పక్కవాళ్ళని ఏం పనిమీద వెళ్తున్నారని ఇప్పుడు నేనే అడుగుతున్నాను. కొంతమంది విచిత్రంగా చూస్తారు. ఎక్కువమంది చెప్తారు.

ఆ వీడియో ఫోన్లోనే ఉంది. ఎక్కడా పెట్టలేదు, తీసెయ్యనూ లేదు. వెలుతురు బాగా కుదిరింది, బ్లేడులు వంకరగా తిరుగుతున్నాయి, చెరువు మూడుసార్లు వచ్చి పోతుంది. ఆరో నిమిషం దగ్గర ఇంజిన్ మోత కింద ఒక గొంతు: "ఏందన్నా, మళ్ళా తిరుగుతాంది?" వెంటనే నా గొంతు, బాగా హుషారుగా: "ఏం కాదన్నా, లైన్లో ఉన్నాం. కిందికి చూడండి, బాగుంటుంది." ఆయన చూశాడో లేదో అందులో లేదు. కెమెరా ప్రొపెల్లర్ వైపు ఉంది.