రెండవసారి చేతులుంచిన ప్రభువు



మార్కు సువిశేషం ఎనిమిదవ అధ్యాయంలో ఒక చిన్న సంఘటన ఉన్నది. అయిదు వచనాలే. మిగిలిన ముగ్గురు సువార్తికులు దానిని వ్రాయలేదు. బెత్సయిదాలో ఒక గ్రుడ్డివానిని ప్రభువు వద్దకు తీసుకొనివచ్చారు. ప్రభువు అతని చేయి పట్టుకొని ఊరి వెలుపలకు నడిపించుకొని వెళ్ళారు. అతని కన్నులను ఉమ్మితో తడిపి, చేతులుంచి, ఏమైనా కనబడుతున్నదా అని అడిగారు. మనుషులు కనబడుతున్నారుగాని చెట్లు నడుస్తున్నట్లుగా ఉన్నారని అతడు ఉన్నమాట చెప్పాడు. ప్రభువు రెండవసారి చేతులుంచారు. అప్పుడు చూపు తేటపడింది.

ప్రభువు ఒక్కసారికే ఎందుకు బాగుచేయలేదు? శిష్యుల సగం సగం విశ్వాసానికి ఇది గుర్తని బైబులు పండితులు చెబుతారు. మంచిదే. నేను మాత్రం ఆ గ్రుడ్డివాని జవాబు దగ్గర ఆగిపోతాను. అతని స్థానంలో మనం ఉంటే ఏమనేవారం? అంతటి పెద్దాయన అడిగారు గదా అని, ‘కనబడుతున్నదండీ, అంతా తమ దయ’ అని దణ్ణం పెట్టి, ఆ సగం చూపుతోనే ఇంటికి వచ్చేవారం. అతడు మొహమాటపడలేదు. సర్వం తెలిసిన ప్రభువు కూడ అతనిని అడిగి తెలుసుకున్నారు. స్వస్థపరచిన తరువాత ఎలా ఉన్నదని ఆయన అడిగినట్లు సువిశేషాలలో కనిపించేది ఈ ఒక్కచోటనే.

రోగులను చూడటానికి వెళ్ళి ఆసుపత్రి వరండాలలో ఎన్నో పూటలు కూర్చున్నవాడను గనుక ఈ మాట వ్రాస్తున్నాను. డాక్టరుగారి గదిలోంచి బయటకు వచ్చిన మనవారిని ‘ఏమన్నారమ్మా?’ అని అడిగితే, ‘ఏమో ఫాదర్, బిళ్ళలు వ్రాసిచ్చారు’ అంటారు. జబ్బు ఏమిటో తెలియదు. బిళ్ళలు ఎన్నాళ్ళు వాడాలో తెలియదు. మరి లోపల ఏమన్నారు? ‘సరేనండి’ అన్నారు. చదువుకున్నవారి ఎదుట ‘నాకు అర్థం కాలేదండి’ అనటం మనకు అమర్యాదగా తోస్తుంది. ఈ ‘సరేనండి’ వలన ఎంత నష్టం జరుగుతున్నదో రోగుల ఇండ్లకు వెళ్ళేవారికి తెలుస్తుంది.

ఒక విచారణలో నేనెరిగిన వ్యవసాయ కూలీ సంగతి వినండి. క్షయ అన్నారు, మాత్రలిచ్చారు. మూడు నాలుగు రోజులకు మూత్రం ఎర్రబడింది. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందు గుణమే అది. మూత్రం నారింజ రంగుకో ఎరుపుకో తిరుగుతుంది, దానివల్ల ప్రమాదం లేదు. ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు. నెత్తురు పోతున్నదనుకున్నాడు. ‘మందు వేడి చేసింది’ అని ఇరుగుపొరుగువారు తీర్మానించారు. మజ్జిగ త్రాగి, మాత్రలు చూరులో దోపి ఊరుకున్నాడు. డాక్టరు దగ్గరకు మళ్ళీ వెళ్ళలేదు, వెళితే తిడతారని భయం. సాధారణంగా ఆరు మాసాలు వాడవలసిన మందు అది. మధ్యలో మానివేస్తే క్రిములు ఆ మందుకు లొంగకుండా మొండికెత్తే ప్రమాదం ఉన్నది. ఆ తరువాత చికిత్స మరింత కష్టం, ఇంట్లో పిల్లలకూ ముప్పు. మాత్ర ఎదురుగానే మ్రింగించే పద్ధతితో 1997లో ప్రభుత్వం క్షయ నివారణ కార్యక్రమాన్ని క్రొత్తగా ఆరంభించింది. మంచి పనే. అయితే గొంతులోకి మాత్ర దిగటం కంటికి కనబడుతుంది, మనసులోని భయం కనబడదు. దానిని అడిగి తెలుసుకోవలసిందే. ఆ కూలీకి ముందుగా ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది.

మాటలు కూడ ఒకరు ఒకటి చెబితే మరొకరికి మరొకటిగా వినబడతాయి. డాక్టరు ‘ఏదైనా తినవచ్చమ్మా’ అన్నారని ఒక పెద్దావిడ ఇంటికి వచ్చి ఒకటే ఏడుపు. పథ్యం చెప్పలేదంటే ఆశ వదులుకున్నారని ఆమె లెక్క! పాపం, ఆ డాక్టరు శుభవార్త చెప్పాననుకున్నాడు. రిపోర్టు ‘నెగెటివ్’ అంటే చెడ్డదని బెంబేలెత్తేవారు, ‘పాజిటివ్’ అంటే మంచిదని సంతోషించేవారు నేటికీ ఉన్నారు. గుండెలో నొప్పిని ‘గ్యాసు’ అని చెప్పి సోడా త్రాగి పడుకునేవారి సంగతి చెప్పనక్కరలేదు.

డాక్టర్ల వైపు కూడ ఒక మాట. 1984లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక పరిశీలన చేశారు. రోగి తన బాధ చెప్పటం మొదలుపెట్టాక సగటున 18 సెకండ్లకే డాక్టరు అడ్డుపడుతున్నట్లు తేలింది. పరలోకజపం చెప్పటానికి కూడ అంతకన్న ఎక్కువ సమయం పడుతుంది! మన ప్రభుత్వాసుపత్రిలో మధ్యాహ్నంలోగా వంద ఓ.పి. చీటీలు చూడవలసిన డాక్టరును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని మనవారు ఊళ్ళోని ఆర్.ఎం.పి. దగ్గరకే ఎందుకు వెళతారో పెద్ద డాక్టర్లు ఆలోచించాలి. అతని చదువు తక్కువే, అతని సూదిమందులను నేను సమర్థించను. కాని అతడు మంచం మీద కూర్చుంటాడు, వరుస పెట్టి పిలుస్తాడు, చెప్పేది వింటాడు.

‘సమయం లేదు’ అనే వైద్యులు మార్కు సువిశేషం అయిదవ అధ్యాయం చదవాలి. యాయీరు కుమార్తె చావుబ్రతుకులలో ఉన్నది, ప్రభువు త్వరగా వెళ్ళాలి. దారిలో పన్నెండేండ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ ఆయన వస్త్రాన్ని తాకింది, అప్పుడే బాగుపడింది కూడ. చికిత్స అయిపోయింది గదా అని ఆయన సాగిపోలేదు. నిలబడి ఆమె కోసం చుట్టూ చూశారు. ఆమె వణుకుతూ వచ్చి జరిగినదంతా చెప్పుకున్నది. ఆయన విన్నారు. (ఆమె అనేకమంది వైద్యుల చేతులలో బాధలుపడి, ఉన్నదంతా ఖర్చుచేసి, ఇంకా క్షీణించిందని మార్కు వ్రాశారు. స్వయంగా వైద్యుడైన లూకా ఆమెను ఎవరూ బాగుచేయలేకపోయారని మాత్రమే అని ఊరుకున్నారు. తోటి వైద్యుల పరువు కాపాడారని మా సెమినరీలో నవ్వుకునేవాళ్ళం.)

మన ఆంధ్రలో దీనికి ఒక పెద్ద సాక్ష్యం ఉన్నది. ఆస్ట్రేలియాలో పుట్టి పెరిగిన డాక్టరు మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చారు. మఠకన్యగా సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. 1957లో మరణించారు, 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. ఆమె స్థానిక స్త్రీలకు నర్సులుగా, మంత్రసానులుగా, మందులిచ్చేవారుగా శిక్షణ ఇచ్చారు. డాక్టరు ఒక్కరే, రోగులు వేలమంది అన్నది ఒక కారణం. ఇంటి మాటలో అడిగేవారు, ఇంటి మాటలో చెప్పేవారు రోగి ప్రక్కన ఉండాలన్నది మరొక కారణమై ఉంటుందని నేననుకుంటాను.

ఇక మన ఇండ్లలో జరిగే దాచిపెట్టే పని. క్యాన్సరు అని తెలియగానే పిల్లలు డాక్టరును ప్రక్కకు పిలిచి, ‘అమ్మకు చెప్పకండి’ అంటారు. ఆ తల్లి మంచం ప్రక్కనే నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. ఫాదరుగారు నూనె తెస్తే భయపడుతుందని గడప దగ్గరే ఆపుతారు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చావు క్షణాన ఇచ్చేది మాత్రమే కాదని వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. అయినా మనకు అది ఇంకా ‘అవస్థ’ అభ్యంగనమే.

ఒక తల్లికి కడుపులో పుండు అని చెప్పి ఇలాగే దాచారు. ఆమె నాతో, ‘వీళ్ళు నా దగ్గర ఇంగ్లీషు మాట్లాడుతున్నారంటే సంగతి పెద్దదే ఫాదర్. నాకు తెలిసినట్లు వాళ్ళకు తెలిస్తే బాధపడతారు’ అన్నది. తల్లి పిల్లల కోసం, పిల్లలు తల్లి కోసం నటిస్తున్నారు. ఒకే గదిలో ఉండి ఒంటరివారయ్యారు. పెద్ద కుమారుని పిలిచి, అమ్మ అడిగితే అబద్ధం చెప్పవద్దన్నాను. ఆమె అడిగింది, అతడు ఏడుస్తూ చెప్పాడు. మరునాడు ఆమె చేసిన మొదటి పని ఎనిమిదేండ్లుగా మాటలు లేని చెల్లెలికి కబురు పంపటం. పొలం గట్టు తగాదా అది. చెల్లెలు వచ్చి పది రోజులు దగ్గరుండి గంజి త్రాగించింది. ‘పుండు’ అనే మాటనే పట్టుకొని ఉంటే ఆ పది రోజులు ఆ అక్కాచెల్లెళ్ళకు దక్కేవి కావు. అన్నీ ఒక్కసారే చెప్పివేయాలని నేననటం లేదు. రోగి ఎంత అడిగితే అంత, మెల్లగా, చేయి పట్టుకొని చెప్పాలి. ప్రభువు కూడ మొదట చేయి పట్టుకొని నడిపించారు.

సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం జబ్బు చేస్తే ప్రార్థించమంటుంది, వెంటనే వైద్యునికి కూడ చోటివ్వమంటుంది. స్వస్థత కూటానికి వెళ్ళివచ్చి షుగరు మాత్రలు పారవేసేవారు ఆ రెండవ మాట కూడ చదవాలి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు బాధలన్నీ ఒక కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి. ఆర్.ఎం.పి. ఇచ్చినవి, నాటువైద్యుని పసరు, మీరే మానివేసినవి, ఏదీ దాచకండి. లేచేముందు, ‘ఇది పొద్దున, ఇది రాత్రి, ఇన్నాళ్ళు, అంతేగదండీ?’ అని తిరిగి అప్పజెప్పండి. తప్పుగా విని ఉంటే అక్కడికక్కడే దిద్దుతారు. ఆపరేషను కాగితం మీద సంతకం చేసేముందు ఆ ఆపరేషను ఏమిటో, అందులో ప్రమాదమేమిటో, వేరే మార్గమున్నదా అని అడగండి. అవి రోగికి తెలియజేసి సమ్మతి పొందాలని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అడగటం దురుసుతనం కాదు.

పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు 1992లో నెలకొల్పిన ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం ఏటా ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగనాడు వస్తుంది. ఆనాడు విచారణలలో రోగులను గుడికి చేర్చి అభ్యంగనం ఇస్తాము. ఈసారి పూజ తరువాత మరొక గంట ఉందాం. మన విచారణలలో నర్సులున్నారు, మందుల షాపులలో పనిచేసే యువకులున్నారు. గుడి వరండాలో బల్ల వేసుకొని కూర్చుంటే, పెద్దవారి చీటీలు చదివి, ఏ మాత్ర దేనికో తెలుగులో చెప్పగలరు. వారికీ తెలియనిది ఉంటే డాక్టరును అడగవలసిన ప్రశ్నగా కాగితం మీద వ్రాసిపెడతారు. తాతయ్యలను, అమ్మమ్మలను తీసుకొనివచ్చేవారు జపమాలతో పాటు మందుల చీటీ, మాత్రల కవరు కూడ వెంట తీసుకొనిరండి.