ఓర్పుకు వెల



నడుమునొప్పి కాలిలోనికి దిగి మంచమెక్కిన వానిని మీరు చూచియుందురు. డిస్కు జారినదని డాక్టరుగారు చెప్పగానే ఇంటిలో రెండు మాటలు పుట్టును. ఒకరు వెంటనే ఆపరేషను చేయించుమందురు. మరియొకరు ఓర్చుకొనుమందురు. ఏది న్యాయము?

మొదట సంగతి తెలిసికొందము. వెన్నుపూసల నడుమ మెత్తలవంటి డిస్కులున్నవి. డిస్కు చిట్లి, లోపలి గుజ్జు వెలికివచ్చి నరమును ఒత్తినప్పుడు కాలు లాగును. అయితే శరీరము ఆ గుజ్జును పరాయి వస్తువుగా ఎంచి, తెల్ల రక్తకణములను పంపి, మెల్లమెల్లగా దానిని హరించును. పెద్ద ముక్కలు సహితము తరచుగా ఇట్లు కరగిపోవును.

6 నుండి 12 వారములుగా తీవ్రమైన కాలినొప్పితో బాధపడుచుండిన 283 మందిని నెదర్లాండ్సు వైద్యులు రెండు వర్గములుగా చేసి చూచి, 2007లో ఫలితము ప్రకటించిరి. త్వరగా ఆపరేషనుకు నిర్ణయింపబడిన వర్గములో సగముమంది సుమారు 4 వారములలోను, కనిపెట్టిన వర్గములో సగముమంది సుమారు 12 వారములలోను కోలుకొనిరి. సంవత్సరము నిండునప్పటికి రెండు వర్గములలోను నూటికి 95 మంది బాగుపడిరి. కనిపెట్టినవారిలో నూటికి 39 మందికి తుదకు ఆపరేషను అవసరమాయెను. ఇదియు దాచరాదు.

కాబట్టి ఆపరేషను చేయించుకొన్నవానిని ఓర్పులేనివాడని నిందింపకుడి. కనిపెట్టువానిని పిసినారి అని నవ్వకుడి. వారి నడుమ భేదము కొన్ని వారములే. అయితే ఆ వారములకు వెల ఎవరు చెల్లింతురు? నెలజీతగానికి సెలవు కలదు. నాట్లకు పోనిదే పొయ్యి వెలుగని కూలివానికి ఏమి కలదు? "ఓర్చుకొనుము" అని వానితో చెప్పి మన ఇంటికి మనము పోయినయెడల, అది సలహా కాదు, జబ్బువానిపై మరియొక బరువు మోపుటయే. వాని బస్తా మనము మోసి, వాని పశువులకు మనము గడ్డివేసినప్పుడే ఆ మాట చెప్పు హక్కు మనకు కలుగును.

మరియు కనిపెట్టుట అనగా మంచము పట్టియుండుట కాదు. డాక్టరు చెప్పినట్లు ఓపినంత నడవవలెను, బరువులెత్తరాదు. మూత్రము బిగిసినను, మలమూత్రములు అదుపుతప్పినను, మర్మస్థానము చుట్టు తిమ్మిరి పట్టినను, కాలి బలము తగ్గుచుండినను, ఆ గడియలోనే ఆసుపత్రికి పోవలెను. అప్పుడు ఆగుట ఓర్పు కాదు, నిర్లక్ష్యము.

మీ వీధిలో నడుము పట్టినవాడు ఒకడుండవచ్చును. వానికి ఓర్పు బోధింపబోవుటకు ముందు, ఈ వారము వాని ఇంట ఏ పని ఆగిపోయినదో అడుగుడి.