భగవన్నామము – పొరుగువాని నిద్ర

శబ్దము ఆకాశమునకు గుణమని తార్కికులు నిర్ణయించిరి. అది పుట్టినచోటనే నిలువదు. కొలనులో ఒక అల వేరొక అలను పుట్టించునట్లు, ఒక శబ్దము మరియొక శబ్దమును పుట్టించుచు శ్రోత చెవిదాక సాగునని వారు వీచీతరంగన్యాయముతో వివరించిరి. నోరు దాటిన శబ్దము పలికినవాని అధీనములో ఉండదు. అయినను దానిని వినవలసి వచ్చినవాని సుఖదుఃఖములకు పలికినవాడు బాధ్యుడగునా? పలికినది భగవన్నామమే యైనచో ఈ ప్రశ్న మరింత సూక్ష్మమగుచున్నది.

నంద్యాల, ఆళ్లగడ్డలలోని పాతమిద్దెలు ఒక్కొక్క కుటుంబము కొరకు కట్టినవి. వాని వెలుపలి గోడలు మిక్కిలి దళసరివి. నేడట్టి ఇండ్లు వాటాలుగా విడిపోవుచున్నవి. బ్యాంకు ఉద్యోగపరీక్షల శిక్షణకు నంద్యాల పేరొందినది. ఊరూరినుండి వచ్చు విద్యార్థులకు గదులు కావలెను. 2022లో నంద్యాల జిల్లాకేంద్రమైన పిదప ఉద్యోగులకును ఇండ్లు కావలసివచ్చినవి. అహోబిలయాత్రికులకు మజిలీయైన ఆళ్లగడ్డలోను అద్దెవాటాలు కలవు. ఈ వాటాల నడుమ లేచు అడ్డుగోడ తరచుగా నాలుగున్నర అంగుళముల ఇటుకగోడ మాత్రమే. కొన్నియెడల అది పైకప్పుదాక పోదు. దూలముల క్రింద జానెడు సందు మిగులును. మరికొన్నియెడల నడిమి తలుపునకు గడియవేసి, బీరువాను అడ్డము పెట్టి, రెండు ఇండ్లైనవని తలంతురు. అవి కంటికి రెండు, చెవికి ఒక్కటే.

ఇట్టి ఇంట ఒక భక్తుడున్నాడనుకొందము. అతడు బ్రాహ్మీముహూర్తమున లేచి, స్నానమాడి, దీపము వెలిగించి, యంత్రమున సుప్రభాతమును గట్టిగా మ్రోగించును. గోడకావల జ్వరపడిన బిడ్డను రాత్రియెల్ల ఒడిలో నుంచుకొన్న తల్లి అప్పుడే కన్ను మూసినది. ఆ భక్తుని మనస్సున ద్వేషము లేశమైనను లేదు. ఆవల ఏమి జరుగుచున్నదో అతడెరుగడు. ఎరుగవలెనని తలపకపోవుటయే ఇందలి దోషము. కోపముతో చేసిన హింసకు పిదపనైన పశ్చాత్తాపము కలుగును. భక్తితో చేసిన హింస పుణ్యమువలె తోచును. కావున దానికి పశ్చాత్తాపము కూడ కలుగదు.

ఈ బాధ కేవలము మనఃకల్పితము కాదు. పడకగదిలో ఎడతెగని శబ్దము 30 డెసిబెళ్లు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1999లో సూచించినది. సందులేని నాలుగున్నర అంగుళముల గోడ, ఇరువైపుల పూత యున్నచో, సుమారు 40 డెసిబెళ్లను ఆపును. 80 డెసిబెళ్లతో మ్రోగు యంత్రపుధ్వని దానిని దాటి 40గా చేరును. నడుమ పలుచని తలుపో, పైన సందో యున్నచో ఆ అడ్డు సగమైనను పనిచేయదు. నిత్యము నిద్ర చెడినవానికి చిరాకు, రక్తపుపోటు, గుండెజబ్బుల భయము పెరుగునని వైద్యులు చెప్పుచున్నారు. 2000 సంవత్సరపు కేంద్రప్రభుత్వ ధ్వనినియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను హద్దుగా నిర్ణయించినవి. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు వానికి రాత్రియే. బ్రాహ్మీముహూర్తము ఆరంభమగునది ఆ రాత్రిలోనే.

ఇచట ఒక ఆక్షేపము కలుగవచ్చును. భగవన్నామము తెలియక చెవిని సోకినను మేలే గదా? భగవద్రామానుజులు తిరుక్కోట్టియూరు గోపురమునెక్కి, గురువు రహస్యముగా నుంచుమన్న మంత్రార్థమును ఎలుగెత్తి చాటలేదా? చాటిరి. కాని ఆ ఘట్టమును చక్కగా పరిశీలింపవలయును. గుర్వాజ్ఞను మీరినందుకు నరకము తమకు, తరించుట ఇతరులకు అని వారు తలంచిరి. వినగోరి చేరినవారికే వినిపించిరి. ఫలము పరులకిచ్చి, శ్రమను తామొడిగట్టిరి. గోడకావలివానిని లేపు భక్తుడు ఫలమును తానుంచుకొని, శ్రమను పరునిపై మోపుచున్నాడు. ఎలుగెత్తుట ఒక్కటియే, త్యాగము తారుమారైనది. సుప్రభాతము స్వామిని మేల్కొలుపుటకే గాని, రోగిని మేల్కొలుపుటకు ఏర్పడినది కాదు.

నాదము నింద్యమని దీని యర్థము కాదు. అహోబిలక్షేత్రమున ఛత్రవటనృసింహస్వామి గంధర్వుల గానమును చేత తాళము వేయుచు ఆలకించినాడని పెద్దలు చెప్పుదురు. ఆ సమీపముననే యోగానందస్వామి నిశ్చలుడై కొలువైయున్నాడు. గానమునకు తగిన తావు ఒకటి, మౌనమునకు తగిన తావు ఒకటి. జపములో వాచికముకంటె ఉపాంశువు, ఉపాంశువుకంటె మానసము ఉత్తమమని మనుధర్మశాస్త్రము చెప్పుచున్నది. లోకమునకు ఉద్వేగము కలిగింపనివాడు, లోకమువలన ఉద్వేగము పొందనివాడు తనకు ప్రియుడని గీతాచార్యుని మాట. ఆ మాటలోని మొదటి సగము మ్రోగించువానికి, రెండవ సగము వినువానికి. కావున ఆవలివాడును గోడపై గ్రుద్దక, పగటివేళ వచ్చి మెల్లగా చెప్పవలయును.

పరిహారములు కష్టమైనవి కావు. ఇల్లు వాటాలు చేయు యజమానుడు అడ్డుగోడను పైకప్పుదాక లేపి, సందులు పూడ్చి, ఇరువైపుల పూత పూయింపవలయును. పాతతలుపు తీసి ఇటుకతో మూయింపవలయును. గోడ బరువు రెట్టింపైనచో మరి 5, 6 డెసిబెళ్లు తగ్గును. అద్దె పుచ్చుకొనువాడు గదిని మాత్రమే కాదు, అందలి నిద్రనుకూడ ఇచ్చుచున్నాడు. అద్దెకున్నవాడు పాటల పెట్టెను అడ్డుగోడకు తగిలింపక, మిక్సీ క్రింద మందపు రబ్బరుపట్ట వేయవలయును. తెల్లవారకముందు పెదవులు కదలుటతో తృప్తిపడవలయును. స్వామి చెవికి ఆ మాత్రము చాలును.

సంక్రాంతి వెళ్లిన పిదప అహోబిలేశుడు పారువేటకు వెడలి ఆళ్లగడ్డ సీమలోని పల్లెలను దర్శించును. పల్లెపల్లెకు పోవు స్వామి ఏ యింటను లేకపోడు. స్తంభమున ఆయన కలడని ప్రహ్లాదుడు నమ్మెను. అడ్డుగోడకావల అలసి నిద్రించువాని హృదయమున ఆయనయే కలడని నమ్మువాడు, తన కంఠమును తానే తగ్గించుకొనును.