పిన్ని అని పిలిచే అమ్మ

మన కుటుంబాల్లో దత్తత చాలావరకు అయినవాళ్ల మధ్యే జరిగేది. పిల్లలు లేని అక్కకు చెల్లెలు తన బిడ్డనిస్తుంది. ఆనాటి నుంచి కన్నతల్లి పండగకో పెళ్లికో వచ్చిపోయే పిన్ని అవుతుంది. ఊరందరికీ తెలుసు, ఆ పాపకు తప్ప. అయినా పాప ఏదో పసిగడుతూనే ఉంటుంది. తాను గదిలోకి రాగానే పెద్దల మాట ఆగిపోతుంది. వెళ్లేముందు పిన్ని మిగతా పిల్లలకన్నా తననే కాస్త ఎక్కువసేపు హత్తుకుంటుంది. ఎందుకని అడిగితే అమ్మ ముఖం మారిపోతుంది, అందుకే అడగదు. నన్ను కలవరపెట్టేది ఆ అడగకపోవడమే. అంత చిన్న వయసులో అమ్మ మనసు నొప్పించకుండా కాపాడే బరువు తన మీద వేసుకుంటుంది.

కన్నవారితో ఉత్తరాలు, రాకపోకలు సాగనిచ్చే దత్తత అమెరికాలో పెరుగుతున్నప్పుడు అక్కడా ఒక భయం ఉండేది: ఇద్దరు అమ్మలుంటే బిడ్డ తికమకపడదా? హెరాల్డ్ గ్రోటెవాంట్, రూత్ మెక్‌రాయ్ 1980ల నడుమ మొదలుపెట్టిన మిన్నెసోటా-టెక్సాస్ అధ్యయనంలో 190 దత్తత కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించారు. తమ అమ్మానాన్నలెవరో పిల్లలకు స్పష్టంగానే తెలుసు. వారి ఆత్మగౌరవమూ తగ్గలేదు. టీనేజీకి వచ్చాక ఎన్నిసార్లు కలిశారన్నదానికన్నా, ఆ బంధం సాగుతున్న తీరు ఇంటిల్లిపాదికీ ఎంత తృప్తినిచ్చిందన్నదే పిల్లల నడవడిలో కనిపించింది. కలవడం వేరు, ఇంట్లో దత్తత మాట ఎత్తగలగడం వేరు అంటాడు మనస్తత్వవేత్త డేవిడ్ బ్రాడ్జిన్‌స్కీ. నాకు రెండోదే పెద్దదనిపిస్తుంది. కన్నతల్లి ఆచూకీ తెలియని బిడ్డకైనా దాన్ని ఇవ్వవచ్చు.

మన 1956 నాటి హిందూ దత్తత చట్టం, దత్తతతో పుట్టిన కుటుంబపు బంధాలు తెగిపోతాయంటుంది. అక్కడ పెళ్లాడకూడని వరుసలు మాత్రం అలాగే ఉంటాయనీ అంటుంది. తెంచిన చట్టానికే రక్తసంబంధం గుర్తుంటే, బిడ్డను ఎలా మరిచిపొమ్మంటాం?

ఏ ఆస్తి తగాదాలోనో పరాయి నోట నిజం వింటే, ఇచ్చేశారన్న బాధకన్నా అందరికీ తెలిసీ తనకు దాచారన్న బాధ ఎక్కువ కోస్తుంది. అప్పటిదాకా దొరికిన ప్రేమ మీద కూడా అనుమానం పడుతుంది. ముందే చెబితే దుఃఖం ఉండదని కాదు. "నన్నే ఎందుకిచ్చావు పిన్నీ?" అని పదేళ్లప్పుడు అడుగుతుంది. కోపంగా అడుగుతుంది, ఇద్దరు తల్లులూ వినాలి. తాను తల్లయ్యాక మళ్లీ అడుగుతుంది. పదేళ్లప్పుడు సరిపోయిన జవాబు అప్పుడు సరిపోదు.