పోయినదేది? నిలిచినదేది?

నేటి జనగామ జిల్లాలోని బమ్మెర పేరు వినగానే పోతనామాత్యుడు స్మరణకు వచ్చును. ఆయన భాగవతములోని ఉషాపరిణయకథ యెఱుగని తెలుగు గృహము లరుదు. చిత్రరేఖ ద్వారకలో నిద్రించుచున్న అనిరుద్ధుని యోగబలమున శోణపురమునకు గొనివచ్చినది. ‘క్వాంటం టెలిపోర్టేషను’ అను ప్రయోగమును గూర్చి వార్త వచ్చినప్పుడెల్ల, ఇది మన పూర్వు లెన్నడో చేసిరని యొకరందురు. రేపు టిక్కెట్టు లేకయే కాశికి బోవచ్చునని వేఱొకరందురు. ఆ ప్రయోగ మెట్టిదో ఇరువురును విచారింపరు.

1993లో చార్లెసు బెన్నెట్టు మొదలగు ఆర్గురు దీని సిద్ధాంతమును ప్రకటించిరి. 1997లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరమున జైలింగరు బృందము వెలుగుకణముపై దీనిని ప్రయోగించి చూపినది. 2017లో చీనా శాస్త్రజ్ఞులు భూమినుండి మిసియస్ ఉపగ్రహమునకు 1,400 కిలోమీటర్ల వఱకు ఇట్లే చేసిరి. ఇందు పోవునది కణము కాదు, దాని స్థితి మాత్రమే. తంతివార్తలో కాగితము పోక అక్షరములే పోయినట్లు. అయితే తంతి పంపినవాని కాగితము వానియొద్దనే యుండెడిది. ఇచ్చట మొదటి కణము తన పూర్వస్థితిని గోల్పోవలయును. మఱియు సామాన్యమార్గమున నొక వర్తమాన మందినగాని పని పూర్తి కాదు. కావున వెలుగును మించిన వేగమను మాట పొసగదు. చిత్రరేఖ కథలో దేహమే వచ్చెను. ఇచ్చట దేహము తప్ప తక్కినది వచ్చును. పోలిక యెక్కడ?

మనుష్యుని ఇట్లు పంపు నుపాయము నేడు లేదు. అయినను ప్రశ్న మనలను విడువదు. దేవదత్తుడు జనగామలో లయించి, భూపాలపల్లిలో అవే జ్ఞాపకములతో లేచినచో, లేచినవాడు దేవదత్తుడేనా?

శరీరధాతువులు నిత్యము మాఱుచునే యున్నవి. అయినను ఏనాడో వ్రాసిన ప్రోనోటు నేడును మనమే చెల్లించుచున్నాము. కావున లేచినవాడు దేవదత్తుడే యని కొందరనవచ్చును. లోకవ్యవహారమున కీ వాదము చాలును. తల్లి కొడుకును గుర్తించును. ఋణదాత ఋణస్థుని గుర్తించును. కాని యిదియంతయు ఎదుటివారి సాక్ష్యము. జనగామలో నిలిచినవాని కేమి సంభవించెనో ఆ సాక్ష్యము చెప్పజాలదు. రాత్రియంతయు వెలుగు దీపమును నాగసేనుడు మిలిందునకు ఉపమానముగా జూపెను. దీప మాఱక వెలుగుట వేఱు. ఒకచోట నార్పి మఱొకచోట వెలిగించుట వేఱు. ఆ రెంటికిని భేదము లేదని తేలువఱకు, అట్టి యంత్రమున నొకనిని నిలుపుట ప్రయాణమో హింసయో చెప్పరాదు. సందేహమున్నచోట పరుల ప్రాణమును పణముగా నొడ్డు నధికార మెవ్వరికిని లేదు.

2023లో కేంద్రప్రభుత్వము జాతీయ క్వాంటం మిషనునకు 6,003.65 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఆ ధనము ప్రజలది. ఆ పేరు చెప్పి పతకములను, మందులను అమ్మువారును గలరు. కావున చేతులు జోడించుటయు, నవ్వి త్రోసివేయుటయు రెండును చాలవు. అద్భుతమని ఎవరేమి చెప్పినను, ఇందు పోయినదేది, నిలిచినదేది యని మహబూబాబాదు బడిలోని బాలిక నిర్భయముగా నడుగగలిగిననాడే శాస్త్రము మన యింటికి వచ్చినట్లు.